‘కొఱకు’ ఉన్నది, ‘వలన’ ఏది?

చాలా నెలల తరువాత ఈ పుట తెరిచాను. మా అమ్మాయి ఇంటికి మిన్నెసోటా రాష్ట్రానికి వెళ్ళి ఆరు నెలలు ఉండి వచ్చాను. అక్కడి మంచును గురించి వ్రాయుమని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. మంచు కురిసే వేళకు నేను తిరుగు ప్రయాణంలో ఉన్నాను కనుక ఆ వర్ణన నా చేతిలో లేదు. ఈ టపా నీళ్ళను గురించి. నీళ్ళకంటె ఎక్కువగా ఒక మాటను గురించి.

ఒకనాటి ఉదయం కాఫీ త్రాగుతూ అక్కడి స్థానిక పత్రిక తిరగవేస్తున్నాను. ఒక నగర పాలకమండలి తన త్రాగునీటి బావుల రక్షణకై వచ్చిన గ్రాంటును స్వీకరిస్తూ తీర్మానించిందని లోపలి పుటలో చిన్న వార్త. నాకు మొదట ఆశ్చర్యం కలిగించినది గ్రాంటు కాదు, బావి. అమెరికా నగరవాసులు బావినీళ్ళు త్రాగుతారని నేనెన్నడూ ఊహించలేదు. మిసిసిపీ నది ప్రక్కనే పారుతున్న సీమలో బావులేమిటని మా అమ్మాయిని అడిగాను. ఆ రాష్ట్రంలో నలుగురిలో ముగ్గురు త్రాగేది భూగర్భజలమేనట. మన చేదబావి వంటిది కాదు, గిలకా బొక్కెనా ఉండవు. వందల అడుగుల లోతుకు దింపిన గొట్టం అది. మనం బోరు అని వేరు చేసి పిలుస్తున్నదానిని వారు ఇప్పటికీ బావి అనే పిలుస్తున్నారు. నాకది సంతోషం కలిగించింది.

మా అమ్మాయి ఆదివారాలు అక్కడి పిల్లలకు తెలుగు చెబుతుంది. వార్త చదివి, “నాయనా, గ్రాంటును తెలుగులో ఏమంటారు?” అని అడిగింది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన అలవాటు కదా, ఆలోచించకుండానే, “దానం అనవచ్చు, ఆర్థిక సహాయం అనవచ్చు, కచేరీ భాషలో నిధుల మంజూరు అంటారు” అని అప్పజెప్పాను. అప్పుడు ఆమె ఆ సొమ్ము ఎక్కడి నుండి వచ్చినదో చెప్పింది. విన్న తరువాత నా జవాబును వెనుకకు తీసుకోవాలనిపించింది. ఈ టపా ఆ పని కొఱకే.

కథను ఉన్నది ఉన్నట్లు చెబుతాను. ఆ రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్ నగరానికి తూర్పున ఉడ్‌బరీ, ఓక్‌డేల్, లేక్ ఎల్మో, కాటేజ్ గ్రోవ్ అనే ఊళ్ళున్నాయి. త్రీఎం అనే పెద్ద కంపెనీ పుట్టి పెరిగినది ఆ రాష్ట్రంలోనే. కాటేజ్ గ్రోవ్‌లోని ఆ కంపెనీ కర్మాగారంలో గత శతాబ్ది మధ్యభాగం నుండి పీఫాస్ అని ఇప్పుడు పిలువబడుతున్న రసాయనాలను తయారుచేశారు. బట్టలకు మరక అంటకుండా, పెనానికి అట్టు అంటకుండా, మంటలార్పే నురుగుకు బలం చేకూరేలా ఉపయోగపడిన పదార్థాలవి. అంటకపోవడం వాటి గుణం. నశించకపోవడం కూడా వాటి గుణమే. ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు అవి లొంగవు. కర్మాగారపు వ్యర్థాలను ఆ చుట్టుప్రక్కల గుంతలలో, చెత్త పూడ్చే స్థలాలలో పోశారు. ఆనాటి చట్టం ప్రకారం తాము చేసినది తప్పు కాదని కంపెనీ వాదన. భూమి ఆ వాదన వినలేదు. వ్యర్థం మెల్లమెల్లగా దిగి 150 చదరపు మైళ్ళకు పైగా భూగర్భజలంలో వ్యాపించింది.

కంపెనీ 2000వ సంవత్సరంలో ఆ కుటుంబంలోని ప్రధాన రసాయనాల తయారీ మానుకొంటామని ప్రకటించింది. 2004 నాటికి ఆ ఊళ్ళ బావులలో అవి బయటపడ్డాయి. 2006లో ఓక్‌డేల్‌లో కర్బనపు రేణువుల గుండా నీటిని పంపి శుద్ధి చేసే కేంద్రం వెలిసింది. 2017 మే నెలలో రాష్ట్ర ఆరోగ్యశాఖ హద్దులను కఠినతరం చేయగా, కాటేజ్ గ్రోవ్‌లో 11 బావులకు 8 బావులు ఆ హద్దును దాటినవిగా తేలాయి. ఆ నగరం అత్యవసర పరిస్థితిని ప్రకటించి, పచ్చికలకు నీళ్ళు పెట్టరాదని ఆంక్ష విధించి, కొన్ని నెలలలో తాత్కాలిక శుద్ధి యంత్రాలు నెలకొల్పుకొన్నది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ఈ కుటుంబంలోని రెండు ముఖ్య రసాయనాలకు నిర్ణయించిన హద్దు ఎంతో తెలుసా? లక్ష కోట్ల భాగాల నీటిలో 4 భాగాలు. అంత సూక్ష్మమైన దానితో పేచీ అది.

రాష్ట్ర ప్రభుత్వం 2010 డిసెంబరులో దావా వేసింది. 500 కోట్ల డాలర్లు అడిగింది. విచారణ మొదలు కావలసిన రోజున, 2018 ఫిబ్రవరి 20న, రాజీ కుదిరింది. 85 కోట్ల డాలర్లు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకొన్నది. న్యాయవాదుల ఖర్చులు పోగా 72 కోట్ల చిల్లర ఆ ఊళ్ళ త్రాగునీటికి, ప్రకృతి వనరుల పునరుద్ధరణకు మిగిలింది. ఆ సొమ్ములో నుండే నగరాలు గ్రాంటులు తీసుకొని శుద్ధి కేంద్రాలు కట్టుకొంటున్నాయి. ఉడ్‌బరీలో 2020లో తాత్కాలిక కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది.

ఇక నేను చెప్పదలచిన మాట. ఆ రాజీ ఒప్పందంలో ఆ సొమ్ముకు పెట్టిన పేరు నష్టపరిహారం కాదు, జరిమానా కాదు. గ్రాంటు. ‘నీటి నాణ్యత, సుస్థిరతల కొఱకు త్రీఎం గ్రాంటు’ అని ఆ నిధి నామధేయం. తప్పు చేశామని కంపెనీ ఒప్పుకోలేదు. బావిని చెడగొట్టినదన్న ఆరోపణపై న్యాయస్థానపు మెట్లెక్కిన సంస్థ, దిగివచ్చేటప్పుడు దాత అయి దిగివచ్చింది. ఆ నిధి నుండి సొమ్ము తీసుకొనే ప్రతి తీర్మానంలోనూ ఆ మాట స్థిరపడిపోయింది.

మా అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఎందుకు తప్పో వ్యాకరణం చెబుతుంది. దానమంటే తన సొత్తుపై తన హక్కును వదలుకొని ఇతరులకు ఆ హక్కు కల్పించడం. ఇవ్వకపోయినా అడిగేవాడు లేనప్పుడే అది దానం. పుచ్చుకొనేవానికి సంప్రదానమని పేరు. అక్కడ చతుర్థీ విభక్తి వస్తుంది. కొఱకున్, కై. ప్రజల కొఱకు, బావుల కొఱకు, భావితరాల కొఱకు. పరిహారం సంగతి వేరు. దానికి చతుర్థి ఒక్కటే చాలదు, పంచమి కావాలి. వలనన్, కంటెన్, పట్టి. ఎవరి వలన నీరు చెడినది? ఏ పని వలన? ‘కొఱకు’ ముందుకు చూస్తుంది, ‘వలన’ వెనుకకు చూస్తుంది. గ్రాంటు అనే మాటలో ముందుచూపు మాత్రమే ఉన్నది. వెనుకకు చూడవలసిన అవసరం లేకుండా చేయడానికే ఆ మాటను ఎన్నుకొన్నారని నా అనుమానం.

‘పంతులుగారికి ఎక్కడికి పోయినా విభక్తులే’ అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. కాని ఈ విభక్తి దోషం నేను కూడా చేసినవాడినే. దానిని ఇక్కడ చెప్పకుండా పరాయి దేశపు ఒప్పందాన్ని తప్పుబట్టడం న్యాయం కాదు.

2009లో నేను కడప జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్నాను. పాఠశాల ఆవరణలో వేపచెట్టు క్రింద చేదబావి ఉండేది. నలభై అడుగుల లోతు, రాతికట్టు. కరవు సంవత్సరాలలో కూడా అడుగున మోకాటి లోతు నీరు నిలిచేది. ఊరికి పడమట, వంకకు ఆవల ఒక కర్మాగారం వచ్చిన కొన్నేళ్ళకు ఆ నీటికి తుప్పు రంగు, చేదు రుచి వచ్చాయి. మా చిన్నతనంలో బురదనీటిని తేర్చడానికి బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేవారు. ఈ నీరు ఏ గింజకూ తేరే నీరు కాదు. కర్మాగారం వలననే చెడినదని ఊరంతా అనుకొనేవారు. పరీక్ష చేయించినవారు లేరు. నా వద్ద కూడా నిరూపణ లేదు. అందుకే ఆ కర్మాగారం పేరు వ్రాయను.

ఆ సంవత్సరం కర్మాగారంవారు పాఠశాలకు నీటిశుద్ధి యంత్రం ఒకటి ఇచ్చారు. ప్రారంభోత్సవానికి షామియానా, మైకు, దండలు. ప్రధానోపాధ్యాయులవారు నన్ను పిలిచి సన్మానపత్రం వ్రాయుమన్నారు. వ్రాశాను. రెండు సీసాలు, వాటి క్రింద తేటగీతులు, చివర ఒక శార్దూలం. కర్ణుడు వచ్చాడు, శిబి వచ్చాడు, బలిచక్రవర్తి వచ్చాడు. యతిప్రాసలు చక్కగా కుదిరాయి. చదివినప్పుడు చప్పట్లు కూడా బాగానే మ్రోగాయి. ఆ కాగితం పటం కట్టించి కర్మాగారం కార్యాలయంలో గోడకు వ్రేలాడదీశారని తరువాత విన్నాను.

సభ ముగిశాక మా అటెండరు నా దగ్గరకు వచ్చాడు. పాతికేళ్ళుగా ఆ బావిలో నీళ్ళు చేది కుండలు నింపినవాడు. ఆ రోజు కొళాయి నీళ్ళు అందరూ త్రాగారు, అతడు త్రాగలేదు. “ఏమయ్యోరా, బాయి చెడగొట్టినోల్లే నీల్లిస్తే, వాల్లకే దండలేస్తిమే!” అన్నాడు. అతని మాటలో కోపం లేదు. లెక్కలో ఎక్కడో తప్పు పోయినదని గుర్తుచేసినట్లు అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పాను. ఏమి చెప్పానో గుర్తు లేదు, కాని అతడు వ్రాయకుండానే పంచమీ విభక్తిని సరిగా ప్రయోగించాడని నాకు ఆ క్షణానే తెలుసు.

తరువాత జరిగినది ఇది. యంత్రం వచ్చినది కదా అని బావి మీద బండలు పరచి మూసివేశారు. పిల్లలు పడిపోతారన్న భయం ఒక కారణం, అవసరం తీరినదన్న భావం రెండవ కారణం. మూడవ ఏట యంత్రంలోని వడపోత పొర మార్చవలసి వచ్చింది. దానికి డబ్బు ఎవరిదని ప్రశ్న. దాతను మళ్ళీ మళ్ళీ అడగడం మర్యాద కాదు కదా! ఇచ్చినవాడు దాత అయినప్పుడు మనం యాచకులమవుతాం, యాచకునికి నిలదీసే హక్కు ఉండదు. యంత్రం నిలిచిపోయింది. పిల్లలు ఇళ్ళ నుండి సీసాలలో నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇళ్ళలోకి ఇరవై లీటర్ల క్యాన్ల నీళ్ళు వచ్చాయి. బండల క్రింద బావి ఎట్లున్నదో చూసినవారు లేరు. ఇంతటికీ నా పద్యాలే కారణమని అనడం లేదు. ఆ పద్యాలలో ‘దాత’ అన్న మాట బదులు మరొక మాట ఉండి ఉంటే, వడపోత పొర మార్చమని అడగడానికి మాకు నోరు ఉండేదని మాత్రం అంటున్నాను.

ఇంతవరకు చదివినవారికి ఒక సందేహం రావాలి. మాట సరిగా ఉంటే పని సరిగా జరుగుతుందా? జరగదు. దానికి మన దేశంలోనే సాక్ష్యం ఉన్నది.

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్ఛ్రీ అనే గ్రామం. 1980ల చివర అక్కడ రంగుల పరిశ్రమకు కావలసిన హెచ్-ఆమ్లాన్ని తయారుచేసి, ఆ విషపు మడ్డిని ఆరుబయట పోశారు. వానలకు అది భూమిలోకి ఇంకి చుట్టుప్రక్కల బావుల నీరు నల్లబడి మనుషులకే కాదు, పశువులకూ పైరుకూ పనికిరాకుండా పోయింది. వ్యాజ్యం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. 1996 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. కాలుష్యం చేసినవారే దాని మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని మన న్యాయశాస్త్రంలో గట్టిగా నాటిన తీర్పులలో అది ఒకటి. అక్కడ ‘వలన’ అన్న మాట సందిగ్ధం లేకుండా ఉచ్చరింపబడింది. పరిహారాన్ని 1997 నవంబరులో 37 కోట్ల 38 లక్షల పైచిలుకుగా నిర్ణయించారు. అయితే ఏమయింది? పునర్విచారణ కోరుతూ దరఖాస్తు మీద దరఖాస్తు. 2011 జూలైలో అదే న్యాయస్థానం, పదునాలుగేళ్ళ జాప్యానికి చక్రవడ్డీతో సహా కట్టమని మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది.

తెలుగునేల మీద పటాన్‌చెరు ఉండనే ఉన్నది. పేరులోనే చెరువున్న ఆ ఊరి చుట్టూ పరిశ్రమల వ్యర్థాలు చెరువులలోకీ బావులలోకీ చేరిన వ్యాజ్యం 1990లోనే సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్ళింది. న్యాయస్థానాల ఆదేశాలతో రైతులకు కొంత పరిహారమూ, గ్రామాలకు వేరేచోటి నుండి త్రాగునీరూ వచ్చాయి. కాని తన ఊరి నీరు పోయి పరాయి చోటి నీరు వచ్చినప్పుడు దానిని బావి రక్షణ అనగలమా?

మిన్నెసోటాలో సొమ్ము వచ్చింది, మాట రాలేదు. బిచ్ఛ్రీలో మాట వచ్చింది, సొమ్ము రాలేదు. మా అమ్మాయితో ఈ సంగతి అన్నప్పుడు ఆమె వెంటనే పట్టుకొన్నది. “అయితే నాయనా, మాట కోసం పట్టుబట్టి ఉంటే ఇక్కడ కూడా అదే జరిగేది. ఏడేళ్ళు నడిచిన కేసు ఇంకొక పదిహేనేళ్ళు నడిచేది. ఈలోగా పిల్లలు ఏ నీళ్ళు త్రాగాలి?” అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరు పసిపిల్లల తల్లి అడిగే ప్రశ్నకు వ్యాకరణంలో జవాబు ఉండదు. కనుక ఆ నగరాలు గ్రాంటును స్వీకరించడం తప్పు అని నేను అనను. దాహం వేసినవాడు నీళ్ళు తెచ్చినవాని వంశచరిత్ర అడుగుతూ కూర్చోడు. స్వీకరించాలి. అయితే స్వీకరించే చేతికి కొన్ని నియమాలుండాలి. అవి మన పూర్వులకు తెలియనివి కావు.

రాయలసీమ కైఫీయత్తులలో, శాసనాలలో దశబంధం అనే మాట కనిపిస్తుంది. చెరువును గాని బావిని గాని కట్టించినవానికి, దానిని బాగుచేస్తూ ఉండేవానికి ఇచ్చే మాన్యం అది. ఆ నీటి క్రింద సాగయ్యే భూమిలో కొంత భాగమో, ఆ ఫలసాయంలో కొంత వంతో అతనికి చెందేది. ఆంగ్ల ప్రభుత్వం వచ్చాక కూడా కడప, ఉత్తర ఆర్కాటు జిల్లాల ఇనాము పత్రాలలో దశబంధం ఇనాములు నమోదయ్యాయి. ఇదే మన పాత గ్రాంటు. దీనిలో గమనించవలసినవి రెండు. ఒకటి, ఇది ఒక్కసారి విసిరివేసే సొమ్ము కాదు. ఏటేటా పండే భూమి. మరమ్మతు ఏటేటా ఉంటుంది కనుక దానికి ఆధారం కూడా ఏటేటా ఉండాలని వారికి తెలుసు. రెండు, ఇది షరతు గల మాన్యం. చెరువును చెడనిచ్చినవానికి ఆ భూమిని అనుభవించే హక్కు లేదు. అంటే ‘కొఱకు’తో పాటు ‘పట్టి’ కూడా అందులో ఉన్నది.

మా ప్రాంతానికి దగ్గరలోనే పోరుమామిళ్ళ చెరువు ఉన్నది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించినది. క్రీ.శ. 1369 నాటి అక్కడి శాసనంలో మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెప్పబడ్డాయి. పుణ్యం వస్తుందని చెప్పి ఊరుకోలేదు వారు. చెరువు దేని వలన చెడుతుందో కూడా రాతిపై చెక్కి ఉంచారు. దోషాన్ని పేరు పెట్టి చెప్పడం దానగుణానికి విరుద్ధమని వారు భావించలేదు.

ఈ దృష్టితో చూస్తే మిన్నెసోటాలోనే నాకు నచ్చిన మరొక ఏర్పాటు ఉన్నది. 85 కోట్ల గ్రాంటుకు వచ్చినంత పేరు దానికి లేదు. 1986లో అమెరికా త్రాగునీటి చట్టానికి చేసిన సవరణతో బావిచుట్టు భూమిని రక్షించే కార్యక్రమం రాష్ట్రాల బాధ్యత అయింది. ఆ రాష్ట్రంలో ప్రతి నగరపు బావికి ఒక మేర గీస్తారు. భూమిలోపలి నీరు పదేళ్ళలో ఎంత దూరం నుండి ఆ బావిని చేరగలదో లెక్కవేసి, అంతవరకు ఆ బావి పరిధి అని నిర్ణయిస్తారు. ఆ పరిధిలో చమురు తొట్టెలు ఎక్కడున్నాయి, ఎరువులు ఎంత చల్లుతున్నారు, పాడుబడిన పాత బావులు ఎన్ని ఉన్నాయి అని పట్టిక వ్రాస్తారు. వాడకం మానివేసి మూయకుండా వదలిన గొట్టపుబావి అన్నిటికంటె ప్రమాదం. పైనున్న మాలిన్యం మట్టిపొరల వడపోతను తప్పించుకొని నేరుగా లోపలి నీటిలోకి దిగడానికి అది దొడ్డిదారి. అటువంటి బావులను సిమెంటు మిశ్రమంతో అడుగు నుండి నింపి మూయడానికి నగరాలకు కొన్ని వేల డాలర్ల చిన్న గ్రాంటులు ఇస్తారు.

ఆ చిన్న గ్రాంటుల సొమ్ము ఎక్కడిది? 2008 నవంబరులో ఆ రాష్ట్ర ప్రజలు ఓటు వేసి తమ మీద తామే అదనపు అమ్మకపు పన్ను విధించుకొన్నారు. రూపాయికి కాదు, వంద డాలర్ల కొనుగోలుకు ముప్పై ఏడున్నర సెంట్లు. 2034 వరకు, ఇరవై అయిదేళ్ళ పాటు. అందులో మూడవ వంతు నీటి రక్షణకు. ఇక్కడ దాత లేడు, యాచకుడు లేడు. ఎవరి నీటికి వారు ఏటేటా ఇచ్చుకొనే దశబంధం ఇది. దీనికి సన్మానపత్రం అవసరం లేదు, గోడమీద పటం అవసరం లేదు. గ్రాంటు అన్న మాట ఇక్కడ నాకు అభ్యంతరకరంగా తోచదు.

రెండింటికీ మధ్య భేదం ఒకటి స్పష్టంగా చెప్పాలి. పెద్ద గ్రాంటులో అధికభాగం నీటిని శుద్ధి చేయడానికి పోతున్నది. చేయక తప్పదు, పీఫాస్ ఒకసారి దిగిన తరువాత వేరే దారి లేదు. కర్బనం నిండిపోతుంది, మార్చాలి. మళ్ళీ నిండిపోతుంది, మళ్ళీ మార్చాలి. రసాయనం ఎన్నటికీ నశించదు, సొమ్ము నశిస్తుంది. చిన్న గ్రాంటు నీరు చెడకముందే భూమిని కాపాడడానికి పోతున్నది. శుద్ధిని రక్షణ అని పిలవడం కూడా ఒక మాటల గారడీయే. మా పాఠశాలలో మేము యంత్రాన్ని కాపాడుకోవాలనుకొన్నాం. బావిని కాపాడాలన్న ఆలోచనే రాలేదు.

కనుక నా అభిప్రాయం ఇది. బావుల కొఱకు ఎవరు సొమ్ము ఇచ్చినా, నగరమైనా గ్రామమైనా పాఠశాలైనా, మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను తీర్మానంలో వ్రాసుకొని, ఆపైన తీసుకోవాలి. ఎవరి వలన ఈ అవసరం వచ్చినది? ఈ సొమ్ము అయిపోయిన మరుసటి ఏడు ఖర్చు ఎవరిది? ఇందులో ఎంత నీటి శుద్ధికి, ఎంత నేల రక్షణకు? మొదటి ప్రశ్నకు జవాబు ఇచ్చేవానికి ఇష్టం లేకపోతే, పుచ్చుకొనేవారి దస్త్రంలోనైనా ఉండాలి. ఒప్పందంలో గ్రాంటు అని వ్రాసుకోనీ. ఊరి పిల్లలు చదివే చరిత్రలో మాత్రం ఆ నీరు ఎట్లా చెడినదో ఉండాలి. మరచిపోతే ఇంకొక వంక ఒడ్డున ఇంకొక గుంత తవ్వుతారు.

తిరిగి వచ్చాక ఒకనాడు ఆ పాఠశాలకు వెళ్ళాను. నాకు తెలిసినవారు ఒక్కరే మిగిలారు. వేపచెట్టు ఉన్నది. బండలు కూడా ఉన్నాయి, వాటి మీద పిల్లలు కూర్చొని మధ్యాహ్నభోజనం చేస్తున్నారు. ఇప్పటి ప్రధానోపాధ్యాయినిని కలిసి, ఆ బండ ఒకటి తీయించి నీరు తోడించి పరీక్షకు పంపడానికి అనుమతి అడిగాను. ఖర్చు నాది. ఆమె నన్ను వింతగా చూసి, “ఆ బావిలో నీళ్ళున్నాయా సార్?” అన్నారు. ఉన్నాయో లేవో నాకూ తెలియదు. అనుమతి కొఱకు పై అధికారులకు వ్రాస్తామన్నారు. వచ్చేవారం మళ్ళీ వెళతాను. అటెండరు పదవీ విరమణ చేసి అదే ఊళ్ళో ఉన్నాడట. అతనిని కూడా వెంట తీసుకొనిపోవాలని ఉన్నది. ఆ బావి ఊట ఏ మూల నుండి వస్తుందో అతనికంటె తెలిసినవారు లేరు.

మా అమ్మాయి ప్రశ్న మాత్రం ఇంకా అట్లే ఉన్నది. తప్పును ఒప్పుకోకుండా తప్పుకు ఇచ్చే సొమ్మును తెలుగులో ఏమనాలి? దానం కాదు. పరిహారం అనడానికి ఇచ్చేవారు ఒప్పుకోరు. ప్రాయశ్చిత్తం అనడానికి పశ్చాత్తాపం లేదు. నేను ‘చెల్లింపు’ అని చెప్పి ఊరుకొన్నాను. అందులో పొగడ్త లేదు, తెగడ్త లేదు, బాకీ ఉన్నదన్న సూచన మాత్రం ఉన్నది. ఇంతకంటె మంచి మాట మీకు తోస్తే వ్యాఖ్యలో వ్రాయగలరు. ఆదివారం తరగతికి ఆమెకు పంపుతాను.

సెలవు.